ఏడాది తిరిగి సెంగ్‌కాంగ్‌కి

నిరుడు జనవరిలో సువార్త పని మీద సెంగ్‌కాంగ్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరాను. మా తాత మలయా రబ్బరు తోటలకు కూలికి వచ్చినవారు. అలాంటి మన పెద్దలు వెళ్లిన దేశాలకే నేనూ వెళ్లాను: మలేషియా, ఫిజీ, మారిషస్, చివరికి దక్షిణాఫ్రికా. ప్రతిచోటా రెండు ఆదివారాలు, కొన్ని కూటాలు, ఒక ప్రేమవిందు. ఆ వెంటనే ఎయిర్‌పోర్టు.

నాటాల్‌లోని కియర్స్నీ దగ్గర మాత్రం మనసు ఆగిపోయింది. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే మనవాళ్ల కోసం 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు వచ్చారు. ఆయన్ని పంపింది దొరలు కాదు, తెలుగు బాప్టిస్టులే. ఆ డిసెంబరులోనే అక్కడ తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసే దాకా ఆయన ఆ దేశంలోని మనవాళ్లకే సేవ చేశారు.

అక్కడ ఒక పెద్దావిడ వాళ్ల నాయనమ్మ తెలుగు బైబిలు తెచ్చారు. మాకెవరికీ చదవడం రాదు, ఒక్క కీర్తన చదివి పెట్టండి అని ఇంగ్లీషులో అడిగారు. 23వ కీర్తన చదివాను. మాట అర్థం కాకపోయినా కళ్లు తుడుచుకున్నారు. మళ్లీ ఎప్పుడొస్తారని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి చూస్తే మా మనవరాలి సంగతీ అంతే. తాతయ్య బైబిలు ఆమెకూ చదవడం రాదు.

ఈ ఏడు టికెట్ కొనలేదు. శనివారం సాయంత్రాలు మా బ్లాకు కింద నలుగురు పిల్లలతో అఆలు దిద్దిస్తున్నాను. మీ పిల్లల్నీ పంపండి.