ఆర్వీ ప్రయాణం: నమ్మకాలు వేరు, రోడ్డు వేరు

అమెరికాలో వేసవి సెలవులకు, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే మరీనూ, ఆర్వీ (వంటగది, పడకలు ఉన్న మోటార్‌హోమ్) అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ వైపో గ్లేసియర్ వైపో బయల్దేరే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఏళ్లుగా క్యాంప్‌గ్రౌండ్లలో చూసినవీ విన్నవీ కలిపి ఆలోచిస్తే, వాళ్ల ఇబ్బందుల్లో చాలావాటికి డ్రైవింగ్ రాకపోవడం కారణం కాదనిపిస్తుంది. ఎవరో చెప్పగా నమ్మిన మాటలే కారణం.

“కొంచెం పెద్ద కారు, అంతే. మ్యాప్ పెట్టుకుని పోవడమే.”

లైసెన్సు వరకు ఆ మాట నిజమే. బరువు 26,000 పౌండ్లు దాటని మోటార్‌హోమ్‌కు చాలా రాష్ట్రాల్లో కారు లైసెన్సే చాలు. చిక్కు ఎక్కువగా ఎత్తూ పొడవులతోనే. అద్దెకిచ్చే క్లాస్ సి రకం బండి, పైకప్పు మీది ఏసీతో కలిపి, 11–12 అడుగుల ఎత్తుంటుంది. ఫోన్‌లో మామూలు మ్యాప్‌కు ఆ సంగతి తెలియదు, కారుకు చూపే దారే చూపిస్తుంది. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల రైలు వంతెన ఒకటి ఏళ్ల తరబడి లారీల, ఆర్వీల పైకప్పులు ఒలిచేసింది. 2019లో దాన్ని 8 అంగుళాలు పైకి లేపారు. అయినా బండ్లు తగులుతూనే ఉన్నాయి.

గ్లేసియర్ పార్కులో అందరూ చూడాలనుకునే గోయింగ్ టు ది సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగులు మించిన బండిని రానివ్వరు. అద్దె ఆర్వీలు చాలావరకు అంతకంటే పొడవు. గేటు దాకా వెళ్లాక ఈ నియమం తెలిస్తే, ఎంతో ఆశతో వచ్చిన పెద్దవాళ్ల ముఖాలు చూడలేం. కొలతలే కాదు, బండిలోని గ్యాస్ కూడా దారి మూయించవచ్చు. బాల్టిమోర్‌లో ఐ-95, ఐ-895 సొరంగాల్లోకి ఆర్వీల్లో ఉండేంత ప్రొపేన్ ట్యాంకులను అనుమతించరు. తూర్పు వైపు చుట్టుదారిలోని కీ బ్రిడ్జి 2024 మార్చిలో ఓడ ఢీకొని కూలిపోయింది కనుక, ఇప్పుడు ఐ-695 మీద నగరానికి పడమటి వైపు నుంచే తిరిగి వెళ్లాలి.

బండి చేతికి రాగానే ఎత్తు, పొడవు కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. వెనక చక్రాల అవతల వేలాడే భాగాన్ని కూడా ఒకసారి దిగి చూడండి. కుడికి తిప్పితే అది ఎడమకు ఊగుతుంది. గ్యాస్ స్టేషన్ స్తంభాలకు తగిలేది అదే.

“30 ఆంప్స్, 50 ఆంప్స్... పెద్ద తేడా ఏముంది?”

క్యాంప్‌గ్రౌండ్‌లో బండికిచ్చే కరెంటు కనెక్షన్ 30 ఆంప్స్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. 50 ఆంప్స్ కనెక్షన్‌లో అలాంటి లైన్లు రెండు, ఒక్కోటీ 50 ఆంప్స్. మొత్తం 12,000 వాట్లు, అంటే మూడింతల పైనే. 30 ఆంప్స్ బండిలో ఏసీ తిరుగుతుండగా ఇండక్షన్ స్టవ్ మీద పప్పు పెట్టి, మైక్రోవేవ్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుంది. వంట గ్యాస్ పొయ్యి మీద చేసుకుని, కరెంటు ఏసీకి వదిలేయడం మేలు.

“రాత్రి చలిగా ఉంటే పొయ్యి వెలిగించి ఉంచితే సరి.”

దయచేసి ఆ పని చేయకండి. మూసిన బండిలో మండే పొయ్యి నుంచి కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు. కిటికీ పక్కన నడిచే జనరేటర్ పొగతోనూ ఇదే ప్రమాదం. బండిలోని కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే బ్యాటరీ తీసేయడం కాదు, అందరినీ బయటికి తీసుకురావాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుండాలని నా కోరిక.

“బ్లాక్ ట్యాంక్ వాల్వ్ తెరిచే ఉంచితే శ్రమ తగ్గుతుంది.”

పెరుగుతుంది. బ్లాక్ ట్యాంక్ అంటే టాయిలెట్ మురుగు చేరేది. వాల్వ్ తెరిచి ఉంటే నీళ్లన్నీ పోయి, మిగిలింది లోపలే ఎండి గుట్టపడుతుంది. వాల్వ్ మూసి ఉంచి, మూడింట రెండొంతులు నిండాక ముందు దాన్ని, ఆ తర్వాత సింకు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంక్‌ను ఖాళీ చేస్తే సబ్బు నీళ్లతో గొట్టం కూడా శుభ్రపడుతుంది.

“టైరు గాట్లు లోతుగా ఉన్నాయి, ఇంకేం భయం?”

ఆర్వీలు నెలల తరబడి కదలకుండా ఎండలో నిలబడి ఉంటాయి. గాట్లు అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కగోడ మీద ఉండే డాట్ (DOT) నంబరులో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది.

“బండి నడుస్తుంటే అమ్మ వెనక మంచం మీద పడుకోవచ్చు.”

ఒక్క గట్టి బ్రేకు పడితే మంచం మీది మనిషిని ఆపేది ఏదీ ఉండదు. ఎంతమంది పడుకోవచ్చో ప్రకటనలో రాస్తారు, ఎన్ని సీట్లకు బెల్టులున్నాయో బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.