పాత పియానో ఎందుకు జుయ్‌మంటుంది?

నిలువు పియానోలో ఒక మీట నొక్కితే స్వరంతో పాటు జుయ్‌మని రొద. శ్రుతి ఎంత సరిచేసినా పోదు. అప్పుడు అనుమానించాల్సింది బ్రిడ్జిని.

సన్నటి తీగ ఒక్కటే మోగితే గదంతా వినిపించదు. దాని కంపనాన్ని వెనకున్న వెడల్పాటి స్ప్రూస్ చెక్క పలకకు అందించే గట్టి చెక్క దిమ్మే బ్రిడ్జి. దాని మీద ప్రతి తీగా రెండు పిన్నుల మధ్య కాస్త వంకరగా సాగుతుంది. తిన్నగా పోవచ్చుగా? పోతే చెక్కకు గట్టిగా అదుముకోదు. ఆ వంకర వల్లే తీగ పగలూ రాత్రీ పిన్నులను పక్కకు నెడుతుంటుంది. పియానోలో తీగలు 200కు పైనే. అన్నిటి బిగువూ కలిపితే 15 టన్నులు దాటుతుంది! ఏళ్ల తరబడి వానల్లో ఉబ్బి, ఎండల్లో కుంచించుకున్న చెక్క ఎన్నాళ్లు తట్టుకుంటుంది? పిన్ను నుంచి పిన్నుకు పగులు పాకుతుంది. పిన్ను వదులై తీగతో పాటు తానూ వణుకుతుంది. రొద అదే.

బాగుచేయడానికి ముందు బిగువు తగ్గించి, అక్కడి తీగలు తప్పించి, పిన్నులు పీకుతారు. పియానోను వెల్లకిలా పడుకోబెడతారు, లేకపోతే జిగురు కిందికి కారిపోతుంది. పగుళ్లలో ఎపాక్సీ నింపి పిన్నులను మళ్లీ దిగ్గొడతారు. వెంట్రుక పగులైతే పల్చటి సూపర్ గ్లూ చాలు. చెక్క మరీ చీలిపోతే పైపొర కోసేసి కొత్త మేపుల్ చెక్క అతికించాలి. అది నిపుణుల పని. తర్వాత తీగలు సర్దుకునేదాకా శ్రుతి చాలాసార్లు జారుతుంది.