రెండు రంగుల టోపీని తిరగేసి చూడండి

ఊలు టోపీ మీద రంగురంగుల పూలు, నక్షత్రాలు చూచి “అబ్బ, ఎంత కష్టపడ్డారో!” అనుకుంటాం గదా. నిజానికి బొమ్మ వేయటం పెద్ద కష్టం కాదు. గళ్ళ కాగితం మీద గీచిన బొమ్మను గడికొక కుట్టు చొప్పున చూసుకుంటూ అల్లుకుపోవటమే. టోపీ తలకు పడుతుందా, పడదా అన్నది తేల్చేది మాత్రం బయటికి కనిపించని లోపలి వైపు. మామూలు అల్లిక వచ్చి, మొదటిసారి రంగుల టోపీకి పూనుకునే మిత్రుల కోసం ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ పనికి పేరుపడ్డ చోటు ఫెయిర్ ఐల్. స్కాట్లండుకు ఉత్తరాన ఆర్క్నీ, షెట్‌లాండ్ దీవుల మధ్య ఉన్న చిన్న దీవి. పొడవు సుమారు 5 కిలోమీటర్లే. అక్కడి పద్ధతిలో ఎన్ని రంగులు వాడినా ఒక వరుసలో రెండే ఉంటాయి. ఒక రంగుతో అల్లుతుంటే రెండో రంగు దారం వెనుకనుంచి సాగిపోతుంది. దీన్ని వెనుక పోగు అందాం. ఈ పోగుల వల్ల టోపీ రెండు పొరలవుతుంది. మధ్యలో గాలి చిక్కుకొని వెచ్చదనాన్ని నిలుపుతుంది. అంత చలిగాలిలో ఈ అల్లిక నిలదొక్కుకోవటానికి కారణం అందమొక్కటే కాదన్నమాట.

ఇక లెక్క. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లయితే టోపీ 50 ఉంటే చాలు, సాగి పట్టుకుంటుంది. 10 సెంటీమీటర్లకు 24 కుట్లు పడితే మొత్తం 120 కుట్లు. 8 కుట్ల బొమ్మ సరిగ్గా 15 సార్లు వస్తుంది. అయితే కుట్టు స్ప్రింగులా సాగుతుంది గాని వెనుక పోగు సాగదు. దాన్ని బిగించి లాగితే 24 కుట్ల చోట 27 పడతాయి. అవే 120 కుట్లు 44 సెంటీమీటర్లకు కుంచించుకుపోతాయి. ఆ టోపీ పెద్దవాళ్ళ తలకు దిగదు! అందుకే నమూనా ముక్కను కూడా రెండు రంగులతోనే అల్లి కొలుచుకోవాలి.

బిగువు రాకుండా ఉండాలంటే రంగు మార్చేముందు కుడి సూది మీది కుట్లను వ్రేళ్ళతో కాస్త ఎడంగా జరపండి. 5 కుట్లకు మించి పోగును వదలకండి. మించితే మధ్యలో ఒకసారి అల్లే దారంతో మెలివేయండి. లేకపోతే పెట్టుకునేటప్పుడు వ్రేళ్ళు తగులుకుంటాయి. ఇంకొక మాట. బొమ్మ రంగు దారం ఎప్పుడూ క్రిందనుంచే రావాలి. క్రింది దారపు కుట్లు కొంచెం పెద్దవిగా పడి బొమ్మ స్పష్టంగా తేలుతుంది. మధ్యలో పైకి క్రిందికి మారిస్తే బొమ్మ అక్కడక్కడ వెలిసినట్లు కనబడుతుంది. మొదటిసారికి నునుపు దారం కన్న కాస్త గరుకైన అసలు ఊలే మేలు, పోగులు జారవు. అల్లటం పూర్తయ్యాక గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పిండకుండా ఒత్తి ఆరబెడితే కుట్లు సర్దుకుంటాయి.

1922లో యువరాజు ఎడ్వర్డ్ సెయింట్ ఆండ్రూస్ గోల్ఫు మైదానంలో ఫెయిర్ ఐల్ స్వెట్టరు తొడిగి కనిపించేసరికి దానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఇది అందరూ చెప్పుకునే కథ. దానికి 50 ఏళ్ళ ముందు, 1872లో, షెట్‌లాండ్‌లో ప్రభుత్వ విచారణ జరిగింది. అల్లిక పని చేసే స్త్రీలకు వర్తకులు డబ్బుకు బదులు టీపొడి, బట్టలు ఇచ్చి పంపుతున్నారని ఆ సాక్ష్యాలలో బయటపడింది. చేతిలో రొక్కం లేకపోతే ఇంటికి తిండిగింజలు కొనేదెట్లా? అది కూడా ఈ అల్లిక లోపలి వైపే.

కనుక చేతి అల్లిక టోపీ ఎక్కడైనా కనబడితే బేరం మొదలెట్టే ముందు ఒక్కసారి తిరగేసి చూడండి. పోగులు సమంగా, వదులుగా పరచుకొని ఉంటే, చెప్పిన ధర ఇచ్చి తీసుకోండి.