దెయ్యం ఎందుకు వచ్చింది, వాళ్లు ఎందుకు వెళ్లిపోలేదు? చిన్న బడ్జెట్ హారర్ కామెడీ స్క్రిప్టును అంచనా వేసే తీరు

తెలుగు చిత్ర పరిశ్రమలో తొలిసారి నిర్మాణంలోకి అడుగుపెట్టేవారిని బాగా ఆకర్షించే కథల్లో హారర్ కామెడీ ముందు వరుసలో ఉంటుంది. ఒక పాత బంగ్లా, నలుగురు హాస్యనటులు, ఒక దెయ్యం ఉంటే సినిమా పూర్తవుతుందన్న నమ్మకం అందుకు కారణం. మారుతి కథతో జె.ప్రభాకర్ రెడ్డి దర్శకత్వంలో 2013లో వచ్చిన 'ప్రేమకథా చిత్రమ్' పరిమిత వ్యయంతో తయారై ఘనవిజయం సాధించినప్పటి నుంచి ఆ నమ్మకం మరింత బలపడింది. అదే దారిలో వచ్చి, తొలి వారం దాటకుండానే థియేటర్ల నుంచి తొలగిపోయిన చిత్రాలను మాత్రం ఎవరూ గుర్తుంచుకోరు. వాటి వెనుక అమ్మిన ఇళ్ల స్థలాలు, తాకట్టు పెట్టిన పొలాలు, రచయిత వెచ్చించిన నాలుగైదేళ్లు ఉంటాయి.

భారీ చిత్రం తడబడితే ఆదుకోవడానికి తారాబలం, ముందస్తు వ్యాపారం, రీషూట్లకు సొమ్ము ఉంటాయి. చిన్న చిత్రానికి ఉన్న రక్షణ స్క్రిప్టు ఒక్కటే. కాగితంపై తప్పు దిద్దడానికి ఒక రాత్రి శ్రమ సరిపోతుంది. అదే తప్పు చిత్రీకరణలో బయటపడితే ఒక రోజు ఖర్చు. ఎడిటింగ్ గదిలో బయటపడితే దిద్దుకునే అవకాశమే ఉండకపోవచ్చు.

వినడం వేరు, చదవడం వేరు

తెలుగు పరిశ్రమలో కథ 'చెప్పడం' ఒక సంప్రదాయం. రచయితో దర్శకుడో నిర్మాత ఎదుట కూర్చుని రెండు గంటలపాటు కథ వినిపిస్తారు. మిగతా కథలకు ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో గానీ, హారర్ కామెడీకి మాత్రం ఇది ప్రమాదకరం. నేర్పరి అయిన కథకుడు తలుపు కిర్రుమన్న చప్పుడు నోటితోనే చేస్తాడు, హఠాత్తుగా గొంతు పెంచి ఉలిక్కిపడేలా చేస్తాడు, నేపథ్య సంగీతం కూడా తానే వినిపిస్తాడు. నిర్మాత భయపడతాడు, నవ్వుతాడు, అడ్వాన్సు ఇస్తాడు. ఆ భయమూ నవ్వూ కథలో ఉన్నాయా, చెప్పినవాడి గొంతులో ఉన్నాయా అన్నది బౌండ్ స్క్రిప్టు చేతికి వచ్చాక గానీ తేలదు. అందువల్ల మూల్యాంకనం కాగితం మీదనే జరగాలి, వీలైతే కథ వినని మనిషి చేతనే జరగాలి.

కాగితంపై కనిపించే మొదటి లోపం చాలా స్క్రిప్టుల్లో ఒకటే. 'ఒక్కసారిగా భయంకరమైన సంగీతం', 'ప్రేక్షకుల ఒళ్లు గగుర్పొడుస్తుంది' వంటి వాక్యాలు రాసి రచయిత ముందుకు సాగిపోతాడు. అవి సన్నివేశాలు కావు, కోరికలు. భయం ఉన్న పేజీలో సంగీతం ప్రస్తావనే అక్కర్లేదు. ఇంట్లో ముగ్గురే ఉన్నారని పాఠకుడికి తెలిసి ఉండి, భోజనాల దగ్గర నాలుగో కంచం కడిగి ఉందని రాస్తే చాలు.

దెయ్యానికీ నియమాలుంటాయి

స్క్రిప్టు చదివేటప్పుడు రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలి. దెయ్యానికి ఏం కావాలి? ప్రాణభయం ఉన్నా ఈ మనుషులు ఆ చోటు విడిచి ఎందుకు వెళ్లిపోవడం లేదు? రెండోదానికి జవాబు లేని కథ ఎంత హాస్యం పండించినా విరామం తర్వాత కుప్పకూలుతుంది. 'తలుపులు వాటంతట అవే మూసుకుపోయాయి' అన్నది జవాబు కాదు, తప్పించుకోవడం.

'ప్రేమకథా చిత్రమ్'లో పాత్రలు ఫామ్‌హౌస్‌కు వెళ్లింది ఆత్మహత్య చేసుకోవడానికి. చావాలని వచ్చినవారు దెయ్యాన్ని చూసి ప్రాణాలు దక్కించుకోవాలని తపించడంలోనే నవ్వు ఉంది. ఆ వైరుధ్యం సెట్టింగుల వల్ల రాలేదు, ఆలోచన వల్ల వచ్చింది. అందుకే అది ఇతర భాషలకూ ప్రయాణించగలిగింది. తమిళంలో 2015లో 'డార్లింగ్'గా పునర్నిర్మితమైంది. మహి వి రాఘవ్ 2017లో తీసిన 'ఆనందో బ్రహ్మ' ఇంకో అడుగు ముందుకు వేసి, మనుషులను చూసి దెయ్యాలు భయపడితే ఎలా ఉంటుందని అడిగింది. ఆ ఇంట్లో ఉండటానికి వచ్చినవారంతా డబ్బు అవసరంలో ఉన్నవారు. వారిలో ఒకరికి రేచీకటి, వినికిడి లోపం. దెయ్యం ఎంత ప్రయత్నించినా అతనికి కనపడదు, వినపడదు. ఇలాంటి ఊహకు నిర్మాత అదనంగా పైసా ఖర్చు చేయనక్కర్లేదు.

నియమాల స్పష్టతకు హిందీ చిత్రం 'స్త్రీ' (2018) మంచి ఉదాహరణ. చిత్తూరు ప్రాంతం నుంచి వెళ్లిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. రాసిన ఈ కథను మధ్యప్రదేశ్‌లోని చందేరీలో నడిపించారు. స్త్రీ ఎప్పుడు వస్తుంది, ఎవరిని తీసుకెళుతుంది, ఏం రాస్తే వెనుదిరుగుతుంది అన్నవి ప్రేక్షకుడికి ముందే తెలుసు. కర్ణాటకలో 'నాళె బా'గా, తెలుగునాట 'ఓ స్త్రీ రేపు రా'గా తలుపుల మీద కనిపించిన రాతను ఆధారం చేసుకోవడం వల్ల సగం పరిచయం అప్పటికే జరిగిపోయింది. చీకటి పడ్డాక మగవాళ్లు బయటకు రావడానికి జంకే ఊరు అన్నది అందులోని వ్యంగ్యం. నియమం తెలిస్తేనే ప్రేక్షకుడు పాత్రకంటే ముందు భయపడగలడు. నియమం తెలిస్తేనే, దాన్ని పాత్ర తప్పుగా అర్థం చేసుకున్నప్పుడు నవ్వగలడు. దెయ్యం పదో సీన్లో గోడలోంచి దూసుకొచ్చి, నలభయ్యో సీన్లో తలుపు తెరుచుకోక బయట నిలబడితే ఆ రెండూ పోతాయి.

హాస్యాన్ని పరీక్షించడానికి చదువరులు పాటించే మొరటు పద్ధతి ఒకటుంది. జోకులన్నీ కొట్టివేసి మిగిలినది చదవడం. మిగిలినది కథగా నిలిస్తే స్క్రిప్టు బలమైనదే. తర్వాత భయపెట్టే ఘట్టాలను కొట్టివేసి చదివినా మనుషులు మనుషులుగా కనిపించాలి. మలయాళ చిత్రం 'రోమాంచం' (2023) ఈ రెండు పరీక్షలకూ నిలుస్తుంది. బెంగళూరులో ఒక అద్దె ఇల్లు, అందులో కొందరు బ్రహ్మచారులు, క్యారమ్ బోర్డునే ఆత్మలను పిలిచే పలకగా మార్చుకోవడం. దెయ్యాన్ని పక్కన పెట్టినా ఆ ఇంటి దరిద్రం, స్నేహం, పనిపాట లేని సాయంత్రాలు మిగులుతాయి. మరోవైపు లావు, నలుపు, నత్తి వంటివాటిని ఎగతాళి చేయడమే హాస్యమనుకునే స్క్రిప్టులు ఇప్పటికీ వస్తున్నాయి. జోకులు కొట్టివేస్తే వాటిలో పాత్రలే మిగలవు.

ఖర్చు దాక్కునే చోట్లు

ఒక ఊహాజనిత కథ తీసుకుందాం. చిన్న పట్టణంలో మూతపడిన సినిమా హాలును ఫంక్షన్ హాలుగా మారుస్తున్నారు. కుర్చీలు ఊడదీయడానికి ముగ్గురు కూలీలు వచ్చారు. రోజూ సెకండ్ షో వేళకు ప్రొజెక్టర్ దానంతట అదే తిరగడం మొదలవుతుంది. దెయ్యం మరెవరో కాదు, ముప్పయ్యేళ్లు అక్కడ పనిచేసిన గేట్‌మన్. ఆట ముగియకముందే తలుపులు తీయాల్సిన ఉద్యోగం కావడంతో ఒక్క సినిమా పతాక సన్నివేశమూ ప్రశాంతంగా చూడలేదు. అది చూస్తే గానీ అతనికి ముక్తి లేదు. కూలీలు వెళ్లిపోకపోవడానికి కారణం కాంట్రాక్టర్ దగ్గర తీసుకున్న అడ్వాన్సు.

దెయ్యం కోరిక స్పష్టం, మనుషుల నిర్బంధం సహజం, లొకేషన్ ఒక్కటే. పైపైన చూస్తే చిన్న బడ్జెట్‌కు ఇంతకంటే అనువైన కథ ఉండదు. అయితే పెన్సిల్ పట్టుకుని సీను సీనుగా లెక్క వేస్తే సంగతి మారుతుంది. తెరపై పాత సినిమా కనిపించాలంటే దాని హక్కుదారుల అనుమతి కావాలి, రుసుము చెల్లించాలి. దృశ్యం చూపకుండా ధ్వని మాత్రమే వినిపించినా హక్కుల సమస్య తప్పదు. ఒక పాట వాడుకోవడానికి చెల్లించే మొత్తం నటీనటుల పారితోషికాలను మించినా ఆశ్చర్యం లేదు. దీనికి పరిష్కారం కూడా రచనలోనే ఉంది: లేని సినిమాకు రచయితే సంభాషణలు రాయాలి, తెరను చూపకుండా కూలీల ముఖాలపై కదిలే వెలుగును చూపాలి. నిజానికి అలా చేస్తే సన్నివేశం మరింత భయపెడుతుంది, మరింత నవ్విస్తుంది కూడా.

రాత్రి సన్నివేశాలు రెండో లెక్క. రాత్రి పనికి బేటా పెరుగుతుంది, జనరేటరు తిరుగుతూనే ఉంటుంది, తెల్లవారితే షాట్ మధ్యలోనే ఆగిపోతుంది. అయితే మూసిన హాలు లోపలి సన్నివేశాలను పగలే తీయవచ్చు. కిటికీలు, సందులు నల్లగుడ్డతో కప్పితే చాలు. కనుక 'రాత్రి, లోపల' అన్నదానికీ 'రాత్రి, బయట' అన్నదానికీ నిర్మాత జేబులో చాలా తేడా ఉంది. మన ఊహా స్క్రిప్టులో హాలు బయట రోడ్డు మీద పరుగెత్తే సీన్లు పన్నెండు ఉన్నాయనుకుంటే, వాటిలో ఎన్నింటిని లాబీలోకి, టికెట్ గదిలోకి మార్చవచ్చో చదువరి గుర్తించి రాయాలి.

ఇక 'నల్లపిల్లి అడ్డంగా వెళుతుంది' అన్న అలవాటు వాక్యం. జంతువులతో చిత్రీకరణకు 2001 నాటి నిబంధనల ప్రకారం భారత జంతు సంక్షేమ మండలి ముందస్తు అనుమతి తీసుకోవాలి. పిల్లికి బదులు గుడ్లగూబ అని రాస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎదురవుతుంది. దాంతో ఆ గుడ్లగూబ గ్రాఫిక్స్ ఖర్చుగా మారుతుంది. కథకు అవసరం లేని అపశకునాలను చదివిన రోజే తీసేయడం మేలు. వర్షం, గుంపులు, గాలిలో తేలే మనుషులు, గంటల తరబడి వేసే ముఖాలంకరణ కూడా ఇదే కోవకు చెందుతాయి.

ధ్రువీకరణ విషయాన్ని కూడా స్క్రిప్టు దశలోనే తూచాలి. 'ఎ' సర్టిఫికెట్ పొందిన చిత్రాన్ని టెలివిజన్‌లో ప్రసారం చేయడానికి వీలుండదు. చిన్న నిర్మాత పెట్టుబడిలో ఎంతో కొంత తిరిగి వచ్చేది ప్రసార హక్కుల నుంచే. 2024 నిబంధనలతో యూ/ఏ విభాగం 7, 13, 16 ఏళ్ల వయోపరిమితులుగా విడిపోయింది. తమ కథ కుటుంబమంతా కలిసి చూసేదా, యువకుల కోసమా అన్నది రచయిత తేల్చుకోకుండా, మొదటి సగంలో పిల్లల హాస్యం, రెండో సగంలో రక్తపాతం నింపితే ఇరు వర్గాలూ దూరమవుతాయి.

పది పేజీల తీర్పు

పేజీకి ఒక నిమిషం లెక్కన తొలి పది పేజీలు చదివి స్క్రిప్టును పక్కన పెట్టే అలవాటు చదువరుల్లో ఉంది. సమయాభావం నిజమే కావచ్చు, కానీ ఈ అలవాటు అన్ని వేళలా న్యాయం చేయదు. షినిచిరో ఉయెదా దర్శకత్వంలో 2017లో వచ్చిన జపాన్ చిత్రం 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' సుమారు 30 లక్షల యెన్‌లతో తయారైంది. తొలి 37 నిమిషాలు ఒకే షాట్‌లో సాగే నాసిరకం జాంబీ సినిమాలా కనిపిస్తుంది. అర్థంలేని విరామాలు, తడబడే నటులు, వింత సంభాషణలు. తర్వాతి భాగంలో ఆ చిత్రీకరణ తెరవెనుక ఏం జరిగిందో చూపినప్పుడు ప్రతి తప్పుకూ కారణం తెలుస్తుంది, ప్రతి కారణమూ నవ్విస్తుంది. ముప్పయ్యో పేజీలో ఆపేసిన చదువరి దీన్ని తిరస్కరించి ఉండేవాడు. పెట్టిన ఖర్చుకు వందల రెట్లు వసూలు చేసిన చిత్రమది. బడ్జెట్ లేమినే కథావస్తువుగా మార్చుకోవడం ఇందులోని అసలు తెలివి. చివరిదాకా చదవడం చదువరి రచయితకు చేసే ఉపకారం కాదు, తీసుకున్న పనికి న్యాయం.

చదివినవారికి మరో బాధ్యత కూడా ఉంది. ఆర్.జి.ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం కేవలం ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తపరిచిన రూపానికే ఉంటుంది. హారర్ కామెడీలో బలమంతా ఒక వాక్యంలో చెప్పగల ఆలోచనదే కాబట్టి, కొత్త రచయిత ఇక్కడ అందరికంటే ఎక్కువగా నష్టపోయే స్థితిలో ఉంటాడు. పూర్తి స్క్రిప్టు రాసి రచయితల సంఘంలో నమోదు చేయించుకోవడం, ఎవరికి ఏ తేదీన ఇచ్చిందీ రాతపూర్వకంగా ఉంచుకోవడం అతని జాగ్రత్త. తిరస్కరించినా సరే, కారణాలు రాసి ఇవ్వడం చదువరి మర్యాద.

సినిమా హాలు కథకు అలాంటి నివేదిక రాయాల్సి వస్తే అందులో మూడే మాటలుంటాయి. పాత సినిమా స్థానంలో కల్పిత సినిమా; బయటి రాత్రి సీన్లలో సగానికి కోత; రెండో సగంలో కాంట్రాక్టర్ తిరిగి రావడానికి ఒక కారణం, ఎందుకంటే ప్రస్తుతం అతను వచ్చేది రచయితకు అవసరమై మాత్రమే. నిర్ణయం గడిలో 'తిరస్కరణ' అనీ కాదు, 'స్వీకరణ' అనీ కాదు. 'మార్చి తెస్తే మళ్లీ చదువుతాం' అని రాసి, దాని కింద ఒక తేదీ.