పరుల కొరకు ప్రాణత్యాగం: పరిణామవాదం

వరదలో కొట్టుకొనిపోతున్న పిల్లవానిని చూచి ఒక బాటసారి నదిలోనికి దుమికినాడనుకొందాము. పిల్లవాడు అతనికి బంధువు కాడు, పేరైనా తెలియదు. ఇట్టి పనులు అన్ని దేశాలలోను జరుగుతూనే ఉన్నవి. కాని జీవపరిణామ సిద్ధాంతానికి ఇది చిక్కు ప్రశ్న. ఎక్కువ సంతానాన్ని మిగిల్చిన జీవుల గుణాలే వ్యాపిస్తాయని ప్రకృతి వరణం చెప్పుతున్నది. అట్లయితే దుమికి మునిగినవాని గుణం అతనితోనే అంతరించి, ఒడ్డున నిలిచినవాని గుణమే మిగలవలెను గదా!

ఈ చిక్కును డార్విన్ 1871లోనే గుర్తించినాడు. త్యాగశీలురకు తరచు సంతానం మిగలదని అంగీకరిస్తూనే, అట్టివారు ఎక్కువగా ఉన్న తెగ ఇతర తెగలను జయిస్తుందని సమాధానం సూచించినాడు.

తరువాత భారతదేశంలో స్థిరపడి 1964లో భువనేశ్వరంలో మరణించిన హాల్డేన్, 1955లో ఒక లెక్క చూపినాడు. నదిలోనికి దుమికించే అరుదైన జన్యువు ఒకటి ఉన్నదనుకొందాము. దుమికిన పదిమందిలో ఒకడు మునిగిపోవును. రక్షింపబడిన పదిమంది పిల్లలు వారి సొంత బిడ్డలో, తోబుట్టువులో అయితే, వారిలో సగటున అయిదుగురికి ఆ జన్యువు ఉండును. నష్టం ఒకటి, లాభం అయిదు. రక్షింపబడినవారు పినతండ్రి బిడ్డలైతే లాభం ఒకటింబావు మాత్రమే.

1964లో హామిల్టన్ దీనిని సూత్రంగా రూపొందించినాడు. పొందినవాని మేలును బంధుత్వపు భిన్నంతో హెచ్చించగా వచ్చిన లబ్ధం, చేసినవాని నష్టాన్ని మించితే ఆ గుణం వ్యాపిస్తుంది. ఆ భిన్నం తోబుట్టువులకు 1/2, పినతండ్రి బిడ్డలకు 1/8, పరాయివారికి దాదాపు సున్న. 1971లో ట్రివర్స్, బంధుత్వం లేకున్నా ఇచ్చిపుచ్చుకొనే సాయం నిలువగలదని చూపినాడు. రక్తం త్రాగే గబ్బిలాలు ఆకలిగొన్న తోటివానికి తాము త్రాగినదానిని కక్కి పెట్టుట ఇందుకు ఉదాహరణ. కాని మునిగిపోయినవానికి బదులు తీర్చేదెవరు?

హాల్డేన్ మరొక మాట కూడ చెప్పినాడు. తాను రెండుసార్లు మునుగుతున్నవారిని నీటినుండి లాగినప్పుడు, ఇట్టి లెక్కలకు వ్యవధి లేకపోయినదట! కీలకం ఇక్కడనే ఉన్నది. ప్రకృతి వరణం మనిషికి లెక్కను ఇవ్వదు, జాలిని ఇస్తుంది. పండ్లు, తేనె ఆహారమైన కాలంలో ఏర్పడిన తీపి రుచి, పోషణ ఏమీలేని శాకరిన్‌ను కూడ తీపి అనే చెప్పుతున్నది. అట్లే చిన్న గుంపులలో, తెలిసినవారి నడుమ పెరిగిన జాలి, పరాయి బిడ్డ కేక విన్నను మేల్కొనును. ఇది ఒక వివరణ మాత్రమే. గుంపుల నడుమ పోటీకి, ఆచారాలకు ప్రాధాన్యమిచ్చే శాస్త్రజ్ఞులు కూడ ఉన్నారు.

అయితే “అతడు తన జన్యువుల కొరకే దుమికినాడు” అనుట పొరపాటు. గుణం పుట్టిన కారణం వేరు, మనిషి ఉద్దేశం వేరు. అతడు దుమికినది పిల్లవాని కొరకే. అదీగాక, జాలి అందరిలోను ఉన్నను, ఒకడు దుమికి మరొకడు నిలిచిపోవుటకు కారణాన్ని పరిణామవాదం ఒక్కటే చెప్పలేదు. అందులో పెంపకానికి, చదువుకు, చూచిన ఆదర్శాలకు కూడ భాగమున్నది.