విండోస్ 10 వాడుతున్నారా? కంప్యూటర్‌లోని ఆధార్ కాపీలు జాగ్రత్త!

నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట బంద్. వేట నిషేధ భృతి కావాలన్నా, బోటు లోన్ కావాలన్నా ఆధార్, పాస్‌బుక్ కాపీలు ఇవ్వాల్సిందే. అవి స్కాన్ చేసే నెట్ సెంటర్ కంప్యూటర్ పాతదైతే?

విండోస్ 10కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి.

కొత్త సిస్టమ్ కొనాల్సిందేనా? అక్కర్లేదు. లైనక్స్ మింట్ ఉచితం, చాలా పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. ఇది ఉబుంటు ఆధారంగా తయారైంది. 2023లో మన రక్షణ శాఖ విండోస్‌కు బదులు ఎంచుకున్న మాయా ఓఎస్ కూడా అంతే.

ఇలా చేయండి:
- ముందు ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి.
- పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపి ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్ పనిచేస్తున్నాయో లేదో చూడండి.
- ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్షన్ ఆప్షన్ ఎంచుకోండి. ఆఫ్ చేసి ఉన్న కంప్యూటర్‌ను ఎవరైనా ఎత్తుకెళ్లినా పాస్‌వర్డ్ లేనిదే ఫైళ్లు తెరుచుకోవు.
- విండోస్ 11 తప్పనిసరైతే, సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'కి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీ, ఆప్షనల్ డయాగ్నస్టిక్ డేటా ఆఫ్ చేయండి.

ఏ ఓఎస్ వాడినా, పని అయ్యాక కస్టమర్ కాపీని డిలీట్ చేయాల్సింది మాత్రం మనిషే. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయడం మరవొద్దు.