హేమంతపు గాలివానలు - వేడెక్కుచున్న సముద్రము

2016వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీని మన చూలై వాసులు మరచియుండరు. నాడు మధ్యాహ్నము వర్ధా తుఫాను చెన్నపట్టణమువద్ద తీరమును దాటెను. గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచిన గాలికి నగరమున వేలకొలది వృక్షములు కూకటివ్రేళ్లతో పెకలిపోయినవి. నడుమ గాలి హఠాత్తుగా నిలిచిపోగా, తుఫాను వెడలిపోయినదని తలచి పలువురు వీథిలోనికి వచ్చిరి. మా విద్యార్థి యొకడు కూలిన కొమ్మలను చూడబోయెను. అంతలో దక్షిణమునుండి గాలి మరల విజృంభించినది. ఎదురింటివారు చేయిపట్టి లోనికి లాగుటచే బాలుడు బ్రతికెను.

పాఠశాల తెరచిన పిదప ఆ బాలుడు నన్నిట్లడిగెను: "మాస్టారూ, భూమి వేడెక్కుతోందని పుస్తకంలో ఉంది కదండీ! మరి చలికాలంలో ఇంత గాలి ఎందుకు వచ్చిందండీ?" ఈ ప్రశ్నకు సమాధానము తల్లిదండ్రులకును ఉపయోగపడునని ఇచట వ్రాయుచున్నాను.

తుఫానునకు ఆహారము సముద్రపు వేడిమి. నీరు సుమారు 26 డిగ్రీలకు మించి వెచ్చగా నున్నపుడు ఆవిరి విస్తారముగా పైకి లేచును. అది మేఘమై చల్లబడునపుడు తనలో దాచుకొన్న వేడిమిని విడుచును. ఆ వేడిమిచే గాలి మరింత పైకెగయగా, క్రింద పీడనము తగ్గి నలుదెసలనుండి గాలి సుడిగా వచ్చి చేరును. మనకు కార్తీక మార్గశిరములలో ఒడలికి చలి సోకినను, బంగాళాఖాతము వెచ్చగనే యుండును. నైరుతి ఋతుపవన కాలమున క్రింది గాలులకును పై గాలులకును దిక్కు, వేగము మిక్కిలి భిన్నముగా నుండుటచే పెద్ద సుడి నిలుచుట కష్టము. ఆ గాలులు సడలిన పిదపనే దానికి అదను చిక్కును.

ఇట్టి విపత్తులు క్రొత్తవి కావు. 1864 నవంబరులో బందరు ఉప్పెనకు సుమారు 30,000 మంది బలియైరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. కావున ప్రతి తుఫానును భూతాపమే పుట్టించినదనుట సరికాదు. అయినను పూర్వమునుండి యున్న వ్యాధిని ఈ వేడిమి తీవ్రము చేయుచున్నది.

అదెట్లనగా, బొగ్గు, చమురు మండించుటచే భూమి సగటు వేడిమి పందొమ్మిదవ శతాబ్దికంటె ఒక డిగ్రీకి మించి పెరిగినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి ఏడు పాళ్లు అధికముగా ఆవిరిని మోయగలదు. కనుక వాన పెరుగును. సముద్రమట్టము పెరుగుచుండుటచే ఉప్పెన మరింత లోపలికి రాగలదు. తుఫానుల మొత్తపు సంఖ్య పెరుగకపోవచ్చును, తగ్గినను తగ్గవచ్చును. కాని వానిలో తీవ్రమైన వాని పాలు హెచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. గాలి త్రోపుడు వేగముతో సమముగా గాక వేగపు వర్గముతో పెరుగును. గంటకు 100 కిలోమీటర్ల గాలి 110 అయినచో వేగము పదవ వంతే పెరిగినను, గోడపై త్రోపుడు అయిదవ వంతు పెరుగును.

ఐరోపాలోని శీతకాలపు గాలివానల సంగతి వేరు. 1999 డిసెంబరులో ఫ్రాన్సు దేశమును ధ్వంసము చేసిన లోథారు వంటివి ధ్రువపు చలికిని దక్షిణపు వెచ్చదనమునకును గల భేదమువలన బలము పొందును. ధ్రువప్రాంతము త్వరగా వేడెక్కుటచే నేల దగ్గర ఆ భేదము తగ్గుచున్నది. ఆకాశమున పైపొరలలో పెరుగుచున్నది. అందుచే అచటి గాలుల భవిష్యత్తును నిర్ణయించుట కష్టము. వాన మాత్రము అధికమగునని నమ్మకముగా చెప్పుచున్నారు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మొదట మన పట్టణమును నీట ముంచి, 5వ తేదీన బాపట్లవద్ద తీరము దాటెను. మనమున్న ఊరును, మన బంధువులున్న ఊరును ఒక్క తుఫానే పీడించినది. చెన్నపట్టణమున హెచ్చరిక వినినపుడు నెల్లూరు, ఒంగోలులలోని మనవారికి ఫోను చేయుట మన విధి.

తల్లిదండ్రులకు నా విన్నపములు మూడు. గాలి హఠాత్తుగా నిలిచినచో అది తుఫాను కన్ను కావచ్చును; వాతావరణ శాఖవారు చెప్పువరకు పిల్లలను గడప దాటనీయకుడు. వానలకు ముందే మేడపై రేకులను, కుండీలను భద్రపరుపుడు. కాలువలలో చెత్త వేయకుడు. తుఫాను దారి తప్పి, సెలవిచ్చిన నాడు ఎండ కాసినచో, చదువు పాడైనదని విసుగుకొనకుడు. పోయిన పాఠమును శనివారము చెప్పుకొనవచ్చును. పోయిన బిడ్డను తిరిగి తెచ్చుకొనలేము.